బడి తెరిచే నెల – ఊరికి చెప్పవలసిన లెక్క

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)

 

బడులు తెరిచే వేళ ఊరి ఎన్నికైన పెద్ద ఊరికి ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది ఈ పూట మాకు అప్పగించిన విషయం. ఇది సర్పంచుల తరగతిలో చెప్పవలసిన మాట కదా, పాల సంఘాల వారికి దీనితో ఏమి పని అని మీలో కొందరికి తోచి ఉంటుంది. మాకూ మొదట అట్లాగే తోచింది. కాని ఆలోచించిన కొద్దీ ఇది మీ విషయమే అని నమ్మకం కలిగింది. కారణం చెబుతాము.

తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగే వరకు గ్రామ పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నవి. అంటే 2024లోను, 2025లోను బడులు తెరిచిన జూన్ నెలలలో ఊరికి ఎన్నికైన సర్పంచి లేరు. ప్రత్యేకాధికారులకు తమ సొంత శాఖ పనులు ఉండేవి. ఆ రెండేళ్ళు పాల సంఘం ఉన్న చాలా ఊళ్ళలో జనం ఎన్నుకున్న మనిషి, రోజూ రెండు పూటలా కంటికి కనబడే మనిషి ఎవరయ్యా అంటే పాల సంఘం అధ్యక్షుడే. బస్సు సంగతి అయినా, పంతులుగారి బదిలీ సంగతి అయినా జనం పాల కేంద్రం దగ్గరే అడిగారు. ఇప్పుడు సర్పంచులు వచ్చారు. అయినా ఆ అడిగే అలవాటు పోలేదు, పోనక్కరలేదు కూడా. సర్పంచి వేసే ప్రతి అడుగుకూ మీరు తోడుంటే ఊరికి మేలు.

రెండవ కారణం ఇంతకంటె పెద్దది. పాడి చేసే ఇంటికి జూన్ నెల చాలా కష్టమైన నెల. మన గేదెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం దాకా ఈనుతాయి. ఎండాకాలం వచ్చేసరికి కొన్ని వట్టిపోతాయి, కొన్ని చూడితో ఉంటాయి. పాలిచ్చేవి కూడా ఎండకు, పచ్చిమేత లేక తగ్గిపోతాయి. ఏప్రిల్ నుంచి జూలై దాకా కేంద్రంలో క్యాన్లు నిండవని మీకు మేము చెప్పనక్కరలేదు.

లెక్కకు ఒక ఇల్లు తీసుకుందాం. జనవరిలో రోజుకు 5 లీటర్లు పోసిన ఇల్లు జూన్‌లో 3 లీటర్లు పోస్తుందని అనుకోండి. లీటరుకు సగటున 50 రూపాయలు పడినదని అనుకోండి. జనవరిలో పదిహేను రోజుల బిల్లు 75 లీటర్లకు 3,750 రూపాయలు. జూన్‌లో 45 లీటర్లకు 2,250. ఒక్క బిల్లులో 1,500, నెలకు 3,000 రూపాయలు తక్కువ. దాణా కోత పోగా చేతికి వచ్చేది ఇంకా తక్కువ. సరిగ్గా అదే నెలలో మృగశిర కార్తె వస్తుంది, విత్తనాలు కావాలి, దుక్కి కూలి కావాలి. అదే నెల 12వ తేదీన బడులు తెరుస్తారు. పాఠ్యపుస్తకాలు, ఏకరూప దుస్తులు సర్కారు బడిలో ఉచితమే. అయినా సంచి, చెప్పులు, పక్క ఊరి బడికైతే రానుపోను ఖర్చు ఇంటివారివే. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరుగుతుంది. ఈ రెంటి నడుమ నలిగేది ఆడపిల్ల చదువు.

కనుక జూన్ నెలలో సంఘం చెప్పే ఒక్కొక్క మాటకూ విలువ ఉన్నది. చెప్పని మాటకు కూడా విలువ ఉన్నది. అది ఎంతో మేము ఒక ఊరిలో తెలుసుకున్నాము. మా తప్పు కూడా అందులో కలిసి ఉన్నది కనుక దాచకుండా చెబుతాము.

అది 2018వ సంవత్సరం. మా పరిధిలోని ఒక సంఘానికి అంతకు ముందటి ఏడాది లాభం వచ్చింది. బోనస్ పంచాలని పాలకవర్గం అనుకున్నది. ఆడిటు పూర్తి కాకుండా పంచరాదు. ఆ ఆడిటు మా చేతిలోనే ఉన్నది. మేము మూడు అభ్యంతరాలు వ్రాశాము. అందులో ఒకటి దాణా నిల్వ లెక్క. ఏ నెల లెక్కలో తేడా ఉన్నదో మేము స్పష్టంగా వ్రాయలేదు. కార్యదర్శికి అర్థం కాలేదు, అడగడానికి జంకినాడు. కాగితం అక్కడ కొన్నాళ్ళు, మా బల్ల మీద కొన్నాళ్ళు, మొత్తం నలభై రోజులు నిలిచిపోయింది.

ఆ సంఘంలో ఒక సభ్యురాలు ఉన్నది. రెండు గేదెలు, ఒకటి వట్టిపోయింది. ఆమె కూతురు ఆ ఊరి బడిలో ఏడవ తరగతి పూర్తి చేసింది. ఆ బడి ఏడు వరకే. ఎనిమిదికి నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నత పాఠశాలకు పోవాలి. సైకిలు కొనాలని ఆ తల్లి ఆలోచన. బోనస్ మీద ఆశ పెట్టుకున్నది. మే నెలలో మూడుసార్లు కేంద్రంలో అడిగింది. మూడుసార్లూ వచ్చిన జవాబు ఒకటే: "వస్తది."

ఎప్పుడు వస్తుంది? ఎంత వస్తుంది? ఎందుకు ఆగింది? ఎవరి దగ్గర ఆగింది? ఎవరూ చెప్పలేదు. అధ్యక్షుడు మంచివాడే. ఆగిపోయిందని చెబితే మాట పోతుందేమోనని ఆయన మొగమాటం. కార్యదర్శికి భయం. మాకు ఆ తల్లి సంగతే తెలియదు. జూన్ 20 దాకా ఎదురుచూసి ఆమె ఒక ప్రైవేటు పాల వ్యాపారి దగ్గర 6,000 రూపాయలు అడ్వాన్సు తీసుకున్నది. అందులో సైకిలుకు మిగలలేదు, విత్తనాలకే సరిపోయింది. అడ్వాన్సు తీరేదాకా పాలు అతనికే పోయాలి, అతని కొలతకు, అతని రేటుకు. సంఘం నుంచి ఆమె పాలు పోయినవి. పిల్ల బడికి పోలేదు, గేదెల వెంట పోయింది.

బోనస్ ఆగస్టులో పంచారు. ఆమె వాటా రెండు వేల పైచిలుకు. సెప్టెంబరులో మేము తనిఖీకి పోయి సభ్యుల రిజిస్టరు చూస్తుంటే ఆమె ఖాతా జూన్ నుంచి ఖాళీగా ఉన్నది. ఎందుకని అడిగాము. అప్పుడు తెలిసింది ఇదంతా. బడికి ఇప్పుడైనా పంపరాదా అని అడిగితే, "జూన్ దాటింది కద సారూ, ఇప్పుడెవరు చేర్చుకుంటరు" అన్నది. మేమూ నిజమే కాబోలు అనుకొని ఊరుకున్నాము.

అది నిజం కాదు. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను చేరే గడువు దాటిందని బడి తిప్పి పంపరాదని ఆ చట్టం పదిహేనవ సెక్షను చెబుతున్నది. ఆలస్యంగా చేరిన పిల్లకు ప్రత్యేకంగా పాఠం చెప్పి తోటివారితో కలపాలి. ఈ ముక్క మాకు తెలిసింది ఆ మరుసటి ఏడాది, ఒక ప్రధానోపాధ్యాయుని నోట. ఆ పిల్ల మరుసటి జూన్‌లో ఎనిమిదిలో చేరింది. ఒక సంవత్సరం పోయింది. సంఘం సొమ్ము ఎవరైనా తింటే సర్‌చార్జి వేసి రాబట్టగలము. పోయిన ఆ ఏడును ఏ ఆడిటులో రాబట్టగలము?

ఆ ఊరిలో ఎవరూ దొంగతనం చేయలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు. "వస్తది" అన్న మాట నిజమే, వచ్చింది కూడా. కాని తేదీ లేని నిజంతో బీద ఇల్లు ఏమీ చేసుకోలేదు. బోనస్ ఆగస్టులో వస్తుందని మే నెలలోనే చెప్పి ఉంటే ఆ తల్లి సంఘాన్నే చిన్న అడ్వాన్సు అడిగేది, లేదా అన్నదమ్ములను అడిగేది, లేదా పాత సైకిలు చూసుకొనేది. ఏదో ఒక దారి వెతుక్కొనేది. చెప్పకపోవడం వలన ఆమెకు దారి వెతుక్కొనే సమయం లేకుండా పోయింది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి మాకు ఇన్నేళ్ళ ఉద్యోగం పట్టింది.

కనుక మా మొదటి మనవి: మీ నోటి నుంచి "వస్తది" అనే ఒంటి మాట రానీయకండి. ఏ సంగతి చెప్పినా దానికి ఒక అంకె, ఒక తేదీ, ఒక పేరు ఉండాలి. ఎంత, ఎప్పుడు, ఎవరిని అడగాలి. ఈ మూడూ తెలియకపోతే తెలియదని చెప్పండి, మళ్ళీ ఏ రోజు చెబుతారో ఆ రోజు చెప్పండి.

ఇట్లా చెప్పిన ఒక సర్పంచిని మేము 2022 జూన్‌లో చూశాము. ఆమె పెద్దగా చదువుకోలేదు. బడి తెరవడానికి నాలుగు రోజుల ముందు ఉదయం ఆరున్నరకు పాల కేంద్రానికి వచ్చింది. చేతిలో ఒక నోటుపుస్తకం కాగితం. పాలు పోసేవారు వరుసలో నిలబడి ఉండగానే మాట్లాడింది. గ్రామసభకు వంద మంది రారు, ఇక్కడికి రోజూ వస్తారు అని ఆమె లెక్క. ఊరిలో బడి ఈడు పిల్లలు ఇంతమంది, చేరినవారు ఇంతమంది, ఇంకా చేరవలసినవారు ఇంతమంది అని అంకెలు చెప్పింది. చేరని పిల్లల పేర్లు మాత్రం అక్కడ చదవలేదు. ఆ ఇళ్ళకు తానే పోతానని చెప్పింది. బడిలో బోరు మోటారు చెడిపోయిందని, మెకానిక్ ఏ రోజు వస్తాడో ఆ రోజు చెప్పింది.

అప్పుడు వరుసలోంచి ఒకావిడ అడిగింది, పై ఊరి బడికి పొద్దున బస్సు వస్తుందా అని. సర్పంచి ఒక్క క్షణం ఆగి, "నాకు తెల్వదక్కా. డిపోల కనుక్కొని శుక్రవారం పొద్దున ఈడికే వచ్చి చెప్త" అన్నది. శుక్రవారం వచ్చింది. జవాబు మంచిది కాదు. ఆ నెలలో బస్సు ఆ వేళకు రాదట. అదే మాట అట్లాగే చెప్పింది. ఎవరూ ఆమెను తిట్టలేదు. పిల్లలను పంపేవారంతా అక్కడే కూడి వంతులు వేసుకున్నారు, రోజుకు ఒక ఇంటివారు పిల్లలందరినీ వెంట తీసుకొనిపోయేటట్లు. చెడ్డ కబురు అయినా వేళకు చెబితే ఊరు సర్దుకోగలదని మేము ఆ రోజు కళ్ళారా చూశాము.

ఇక మీరు మీ ఊరికి చెప్పవలసిన సంగతులను వరుసగా మనవి చేస్తాము.

మొదటిది పాల లెక్క. గత సంవత్సరం మార్చి 31 నాటికి సంఘం ఎన్ని లీటర్లు సేకరించింది, లాభం ఎంత, నష్టం ఎంత. బోనస్ ఉంటే లీటరుకు ఎంత, ఏ తేదీన. ఆడిటు కాకపోతే కాలేదని, ఎవరి దగ్గర ఉన్నదో చెప్పండి. మా దగ్గర ఉంటే మా పేరే చెప్పండి. మాకు కోపం రాదు. వచ్చినా ఫరవాలేదు, కాగితం కదులుతుంది. బిల్లు తేదీ జూన్‌లో మాత్రం ఒక్క రోజు కూడా తప్పనీయకండి. గుజరాత్‌లో ఖేడా జిల్లా పాల సంఘం 1946లో పుట్టింది. అక్కడి ఊళ్ళలో ఉదయం పోసిన పాలకు సాయంత్రం పాలు తెచ్చినప్పుడే పైకం చేతిలో పెట్టేవారు. సహకార సంఘం మీద రైతుకు నమ్మకం ఆ చేతి పైకంతోనే కుదిరింది.

రెండవది కేంద్రం వేళ. ఇది చిన్న సంగతి అనుకోకండి. ఆరు గంటలకు తెరవవలసిన కేంద్రం ఏడుకు తెరుస్తారు. కరెంటు పోతే వెన్న శాతం చూసే యంత్రం ఆగుతుంది. వరుస కదలదు. ఆ వరుసలో క్యాను పట్టుకొని నిలబడ్డది ఎవరని చూడండి. తల్లి ఇంటిపనిలో, తండ్రి పొలంలో ఉంటే పిల్లలే వస్తారు. ఎనిమిదిన్నరకు క్యాను ఖాళీ అయితే తొమ్మిదికి బడికి చేరేది ఎట్లా? పిల్లలు ఇంటి పనిలో బడి వేళ తరువాతనే, సెలవులలోనే చేయి కలపవచ్చునని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం చెబుతున్నది. జూన్ 12 నుంచి కేంద్రం వేళకు తెరుస్తామని, బడి పిల్లల క్యాన్లు ముందు పుచ్చుకుంటామని ఒక తీర్మానం చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడవది పిల్లల లెక్క. తన పరిధిలోని పద్నాలుగేళ్ళ లోపు పిల్లల వివరాల రికార్డు ఉంచవలసిన బాధ్యత, వారు బడిలో చేరేటట్లు, మానకుండా ఉండేటట్లు చూడవలసిన బాధ్యత స్థానిక సంస్థదేనని విద్యాహక్కు చట్టం తొమ్మిదవ సెక్షనులో ఉన్నది. ఊరి సర్పంచిగారికి ఈ పనిలో మీరు చేయగల సహాయం మరెవరూ చేయలేరు. మీ కార్యదర్శి రోజుకు రెండు పూటలా ప్రతి ఇంటి మనిషిని చూస్తాడు. ఎవరి పిల్ల బడి మానిందో, ఎవరి ఇంటికి వలస పోయినవారు తిరిగి వచ్చారో పంతులుగారి కంటె ముందు అతనికి తెలుస్తుంది. తెలిసినది సర్పంచిగారి చెవిన, ప్రధానోపాధ్యాయుని చెవిన వేయండి. నలుగురిలో పేరెత్తి చదవకండి. బీదతనం ఎవరికీ నోటీసు బోర్డు మీద పెట్టుకొనే సంగతి కాదు.

నాలుగవది కాగితాల సంగతి. పుట్టిన తేదీ పత్రం లేదని పిల్లను చేర్చుకోకపోవడానికి వీలు లేదు. ముందటి బడి నుంచి టి.సి. రావడం ఆలస్యమైతే ఆ సాకుతో ఆపడానికీ వీలు లేదు. గడువు దాటినదని తిప్పడానికి వీలు లేదని ఇందాకనే చెప్పాము. ఈ మూడు వాక్యాలు కేంద్రం గోడ మీద సున్నంతో వ్రాయించండి. 2018లో ఆ ఊరి గోడ మీద ఈ వాక్యాలు ఉండి ఉంటే ఆ తల్లి చదివించుకొనేది, మేమూ చదివేవారము.

ఐదవది బడి స్థితి. ఎందరు ఉపాధ్యాయులు ఉండాలి, ఎందరు ఉన్నారు, నీళ్ళు, మరుగుదొడ్లు ఎట్లా ఉన్నవి. మధ్యాహ్న భోజనం మొదటి రోజు నుంచే పెడుతున్నారా. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి వండిన అన్నం పెడుతున్నారు. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు బియ్యం లెక్క. ఈ అంకె తల్లులకు తెలిస్తే అడగగలరు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినవి, వాటికి ఊరి మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే పెద్ద. ఏకరూప దుస్తులు కుట్టే పనీ మహిళా సంఘాలకే ఇస్తున్నారు. ఆ సంఘాలలోని తల్లులే మీ కేంద్రంలో పాలు పోసేది. బడి కమిటీలో ఉన్నది, పాల సంఘంలో ఉన్నది ఒకే మనిషి అయినప్పుడు కబురు అందలేదనడానికి తావు లేదు.

ఆరవది బస్సు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి, ఆడపిల్లలకు టిక్కెట్టు లేదు. మంచిదే. కాని బడి వేళకు బస్సు రాకపోతే ఉచిత టిక్కెట్టు ఏ పనికి వస్తుంది? పై ఊరి బడికి పోయే పిల్లలు ఎందరు, ఏ వేళకు బస్సు కావాలి అన్న లెక్క వ్రాసి, సర్పంచిగారు, మీరు ఇద్దరూ సంతకాలు చేసి డిపోకు పంపండి. వచ్చిన జవాబు, మంచిదైనా చెడ్డదైనా, కేంద్రంలో చదవండి.

ఏడవది సంఘం బడికి ఇచ్చే సొమ్ము. ఇక్కడ కొంచెం ఇన్‌స్పెక్టరుగా మాట్లాడవలసి ఉన్నది. బడికి బల్లలు, పిల్లలకు నోటుపుస్తకాలు ఇవ్వడం గొప్ప పని. మీ ఉపనిబంధనలలో దానికి వీలున్నదా అని ముందు చూసుకోండి. లాభంలో రిజర్వు ఫండు వాటా తీసిన తరువాతనే, ఏ నిధి నుంచి ఎంత అన్నది తీర్మానంలో వ్రాసి ఇవ్వండి. "ఇతర ఖర్చులు" అనే పద్దులో వేయకండి. సభ్యుల బిల్లులో చెప్పకుండా కోయకండి. ఒక ఊరిలో నోటుపుస్తకాల అట్ట మీద అధ్యక్షునిగారి ఫొటో అచ్చు వేయించారు. లోపల కాగితాల ఖర్చు కంటె అట్ట ఖర్చు ఎక్కువైంది. మేము అభ్యంతరం వ్రాస్తే ఆయన, "పిల్లలకు నేను ఎవరో తెలియవద్దా?" అన్నారు. పిల్లలకు ఆయన తెలుసు. రోజూ కేంద్రంలో చూస్తూనే ఉన్నారు. సభ్యుల సొమ్ముతో కొన్నదాని మీద సంఘం పేరుంటే చాలును.

అట్లాగే, పైన చెప్పిన తల్లి వంటివారి కోసం సంఘం చిన్న అడ్వాన్సు ఇవ్వగలదా అని ఆలోచించండి. నిబంధనలకు లోబడి, పాలకవర్గం తీర్మానంతో, ఇంత మొత్తం, ఇన్ని బిల్లులలో కోత అని ముందే చెప్పి ఇవ్వండి. చూడి గేదె ఈనిన తరువాత ఆ బాకీ తీరడం ఏమంత కష్టం కాదు. సంఘం ఇవ్వని 2,000 రూపాయల కోసం మన సభ్యురాలు వ్యాపారికి ఆరు నెలల పాలు కట్టబెట్టవలసి వస్తే నష్టం ఆమె ఒక్కతెదే కాదు, సంఘానిది కూడా.

ఇక ఎక్కడ చెప్పాలి అన్న ప్రశ్న. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామసభ కనీసం రెండు నెలలకు ఒకసారి జరగాలి. అక్కడ చెప్పండి. అయితే అక్కడితో ఆగకండి. ఈ కాలంలో ఫోనులో వాట్సాప్ గ్రూపులో పెట్టేశాము, అందరికీ చేరింది అనుకొనే అలవాటు వచ్చింది. ఫోను ఇంటి మగవారి జేబులో ఉంటుంది. పాలు పితికే చేతులలో ఉండదు. చదవలేనివారికి ఫోను వచ్చినా కబురు రాదు. కనుక ఫోనులో పెట్టండి, నల్లబల్ల మీద వ్రాయండి, ఆ పైన నోటితో చెప్పండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పండి, ఎందుకంటే రెండు పూటలా వచ్చేది ఒకరే కాదు. ఐదు నిమిషాలకు మించవద్దు, పాలు విరిగిపోతాయి.

మరొక్క మాట. ఎన్నికైనవారు ఊరికి కబురు చెప్పడం అంటే తాము చేసిన పనులు చెప్పుకోవడమని చాలామంది అనుకుంటారు. రంగు వేయించాము, గేటు పెట్టించాము, ఫలానా పెద్దలను కలిశాము, ఇవిగో ఫొటోలు. చెప్పుకోవచ్చు, తప్పు లేదు. కాని వరుసలో నిలబడ్డ తల్లి అడిగేది అది కాదు. ఆమె ఇల్లు నడుపుకోవడానికి తెలియవలసినదేదో అది అడుగుతుంది. మీరు చేసినదాని కంటె, చేయలేకపోయినది వేళకు చెప్పడమే ఆమెకు ఎక్కువ సహాయం. మాకు ఉద్యోగంలో ఎదురైన గొడవలలో సగం లెక్క తప్పినందుకు వచ్చినవి కావు, లెక్క చెప్పనందుకు వచ్చినవి.

మేమూ ఒక మాట ఇచ్చి పోతాము. ఇకపై మేము వ్రాసే ప్రతి ఆడిటు అభ్యంతరంలో ఏ నెల, ఏ పద్దు, ఎంత తేడా అన్నది మీ కార్యదర్శికి అర్థమయ్యే తెలుగులో వ్రాస్తాము. మే నెల దాటి మా బల్ల మీద బోనస్ కాగితం ఉంటే, మీరు కేంద్రంలో మా పేరు చెప్పి, తేదీ అడగండి. "వస్తది" అని మేము అంటే ఒప్పుకోకండి.

ఈ తరగతి ముగిసి ఇళ్ళకు పోయిన తరువాత ఒక కాగితం తీసుకొని ఈ ఏడు సంగతులకు ఎదురుగా అంకె, తేదీ, పేరు వ్రాయండి. వ్రాయలేని చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీలు నింపడమే బడి తెరిచేలోగా మీరు, సర్పంచిగారు కలిసి చేయవలసిన పని. జూన్ 12 ఉదయం కేంద్రం వేళకు తెరవండి. బడి పిల్లల క్యాన్లు ముందు పుచ్చుకోండి.

 సాయంత్రం పాలు పితికే వేళ అవుతున్నది, దూరపు ఊళ్ళవారు బస్సు అందుకోవాలి. సెలవు.